పిన్ను లేని పతకం

పతకాన్ని రిబ్బను చివర పట్టుకుని వెలుగులోకి ఎత్తి, "ఈ ఘనకార్యం ఎవరిది?" అన్నాడు మాస్టరు.

కుట్టుబల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళెవరూ తలెత్తలేదు. కిటికీ పక్కనున్న ఆమెకి మాత్రం చెవులు వేడెక్కాయి. దుకాణంలో కొత్తగా చేరింది తనొక్కతే. ఎక్కడ ఏ తప్పు జరిగినా ముందు తన చేతులకేసి చూసుకోవడం ఆమెకి అలవాటైపోయింది.

"నేనే మాస్టారూ. వంకరొచ్చిందా?"

"వంకరొస్తే సర్దుకోవచ్చు. తిప్పి చూడు."

తిప్పి చూసింది. నీలం రిబ్బను, మధ్యన తెల్ల చార. చార సరిగ్గా పతకం కొక్కెం మీదికే వచ్చింది. రిబ్బను చివరలు దీపం సెగకి చూపించింది కాబట్టి పోగు లేవలేదు. ఇత్తడి పట్టీ మీంచి మడిచి, మైనం రాసిన దారంతో లోపలివైపు కుట్టింది. పైనించి చూస్తే కుట్టన్నదే కనబడదు. పట్టీ వెనక పిన్ను గట్టిగా ఉంది. తీస్తే వస్తోంది, నొక్కితే పడుతోంది.

"బాగానే ఉందిగా" అంది బిక్కమొహం వేసి.

"బాగానే ఉంది. అదే తప్పు. ఇది నల్లపెట్టెలోది. దీనికి పిన్ను పెట్టావు."

పక్కన కూర్చుని కోట్లకి కాజాలు కుడుతున్న కాజాలక్క నాలిక కరుచుకుంది. "చెప్పడం మర్చిపోయాను మాస్టారూ, పిల్లనేమీ అనకండి" అని ఆమె వైపు వంగింది. "తెల్లపెట్టెలోవి తిరిగొచ్చిన వాళ్ళవి. వాటికే పిన్ను. నల్లపెట్టెలోవి పోయినవాళ్ళవి. వాటికి రిబ్బను కుట్టి వదిలెయ్యడమే. తగిలించుకోడానికి ఛాతీ ఉండాలి కదా మరి."

మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వెనకటి యుద్ధం అయ్యాక ఇలాగే ఎవరో చెయ్యి జారి, పోయినవాడి పతకానికి పిన్ను పెట్టి పంపించేశారు. ఆ తల్లి తిప్పి చూసుకుంది. పిన్నుంది కాబట్టి కొడుకున్నాడనుకుంది. ఎవరెంత చెప్పినా వింటేనా! పొద్దున్నే రేవు గేటు దగ్గరికొచ్చి నిలబడేది. పనికొచ్చేటప్పుడు నేను అవతలి పక్కనించి నడిచేవాణ్ణి, ఆవిడ మొహం చూడలేక. ఈ వీధుల్లో పసిపిల్లల్ని అడిగినా చెప్తారే ఈ సంగతి. నీకెలా తెలీదు?"

"మాది రేవు వైపు కాదు మాస్టారూ. పెళ్ళయ్యాకే వచ్చాను."

"ఇప్పుడు తెలిసిందిగా. విప్పు."

చిన్న కత్తెర మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపింది. గట్టిగా కుట్టినందుకు తనని తనే తిట్టుకుంది. పిన్ను ఊడొచ్చాక రిబ్బను వెనక రెండు సన్నటి చిల్లులు మిగిలాయి. గోటితో రుద్దితే నేత సర్దుకుంది కానీ, పూర్తిగా పూడలేదు. పతకం అంచు చుట్టూ పేరు చెక్కి ఉంది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆమె ఏదైనా పెదాలు కదుపుతూనే చదువుతుంది. తెలియని మనిషి పేరు. అయినా ఎవరో తన చెంప మీద చెయ్యి వేసినట్టయి, దాన్ని మెల్లిగా పెట్టెలో పడుకోబెట్టింది.

చేతికొచ్చిన ప్రతి పతకం అంచునూ ఆమె చదువుతూనే ఉంది. ఆమె వెతుకుతున్నవి రెండు పేర్లు. ఒకటి భర్తది. రెండోది పక్కింటి పెద్దమ్మ కొడుకుది. ఇద్దరూ ఒకే ఓడలో, ఒకే ఇంజను గదిలో పనిచేశారు. ఆ ఓడే శత్రువుల ఓడల్ని తరిమి గెలిచి వచ్చింది. వీధి వీధంతా రేవుకి పరిగెత్తిన రోజున ఆమె భర్త దిగి వచ్చాడు. పెద్దమ్మ కొడుకు దిగలేదు. చచ్చిపోయాడనీ ఎవరూ చెప్పలేదు. అతన్ని ఓడలో అందరూ ఈలగాడనేవాళ్ళు. నిద్రలో కూడా ఈల వేస్తాడని భర్త పూర్వం నవ్వుతూ చెప్పేవాడు. ఇప్పుడు ఆ పేరే ఎత్తడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, ఒళ్ళో చంటిది. ఆమె చెప్పులు విప్పకుండానే వంగి పిల్ల నుదురు ముట్టుకుంది. తర్వాత మెడ, తర్వాత అరికాళ్ళు.

"చల్లగానే ఉందిలేవే. నా చేతుల్లో ఉండగా దాన్ని ముట్టుకోడానికి జ్వరానికెన్ని గుండెలు?" అంది పెద్దమ్మ.

ఉత్త మాట కాదది. భర్త సముద్రం మీదుండగా ఒకసారి చంటిదానికి జ్వరం ముదిరి కళ్ళు తేలేసింది. ఆమె కేక పెట్టి అలాగే కొయ్యబారిపోతే, గోడ అవతలనించి పరిగెత్తుకొచ్చి, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది పెద్దమ్మే. పెద్దమ్మ చేతుల్లో తప్ప ఇంకెవరి చేతుల్లోనూ పిల్లని పెట్టి ఆమె పనికి పోలేదు.

"ఇవాళైనా కనబడిందా?" పెద్దమ్మ మామూలుగా అడిగినట్టే అడిగింది.

"లేదు పెద్దమ్మా. ఇంకో విడత పెట్టెలు రావాలట."

"నల్లదాంట్లో చూశావా?"

ఆమెకి ఇన్నాళ్ళూ పెద్దమ్మ ఏమడుగుతోందో ఇవాళే అర్థమైంది.

"చూశాను. లేదు."

పెద్దమ్మ ముఖం విప్పారింది. "చాలు తల్లీ, నాకదే చాలు. నీళ్ళలో వాణ్ణి చూస్తే చేపలు సిగ్గుపడేవి. ఏ ఒడ్డునో పడి ఉంటాడు. మాట తెలియని చోట పడుంటాడు, అందుకే కబురు రాలేదు." గుమ్మం పక్కన కొడుకు బూట్లున్నాయి, పాలిష్ పెట్టినవి. ఆవిడ వాటి మీద లేని దుమ్ము దులిపింది.

ఇంట్లో భర్త కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. ఆమె పిల్లని నేల మీద కూర్చోబెట్టి, చేతికి చెంచా ఇచ్చి, పాలు వెచ్చబెట్టడానికి వెళ్ళింది. చంటిది చెంచాతో పళ్ళెం మీద కొట్టింది. టక్. దాని చప్పుడుకి అదే మురిసిపోయి మళ్ళీ కొట్టింది. టక్, టక్, టక్.

అతను గబుక్కున వచ్చి చెంచా లాక్కున్నాడు. పిల్ల బిత్తరపోయి, ఊపిరి బిగబట్టి, అప్పుడు ఏడ్చింది. ఆమె పరిగెత్తుకొచ్చేసరికి అతను చెంచాతో సహా బయటికి నడిచి వెళ్ళిపోతున్నాడు.

"ఏమండీ!" అంది. అతను తిరిగి చూడలేదు. తిరిగొచ్చినప్పటినించీ ఇంతే. పిల్లని ఎత్తుకోడు, ఎవరితోనూ మాట్లాడడు. తలుపు ఎవరైనా తడితే గోడకి అంటుకుపోతాడు. పతకం వస్తే అన్నీ సర్దుకుంటాయని ఆమె ఆశ. అంతమంది ముందు పెద్దలు ఛాతీ మీద తగిలించాక, మనిషికి తనేమిటో తనకే గుర్తొస్తుంది కదా అనుకుంది.

మర్నాడు ఆఖరి విడత వచ్చింది. మధ్యాహ్నం దాటాక తెల్లపెట్టెలో అడుగున భర్త పేరు దొరికింది. ఆమె పెదాల మీది పేరు చూసి కాజాలక్క పసిగట్టేసింది.

"దొరికాడమ్మా మహానుభావుడు! ఏదీ, నీ మొగుణ్ణి ఇలా ఇవ్వు, నేను కుడతాను."

"ఇవ్వను."

"అబ్బో! ఇంట్లో నోరెత్తనిది ఇక్కడ ఎంత గట్టిగా అంటోందో చూడండి" అని కాజాలక్క అందర్నీ నవ్వించింది. మాస్టరు కూడా మీసం కింద నవ్వుకున్నాడు.

ఆమె ఆ ఒక్కదానికి దారం రెండు పేటలు వేసింది. మైనం రెండుసార్లు రాసింది. పిన్ను పట్టీకి తగిలేచోట అడ్డకుట్లు వేసి, మీద మళ్ళీ నిలువుకుట్లు వేసింది. తుఫానొచ్చినా ఊడకూడదు. ముడి వేసి పంటితో దారం తెంపి, అరచేతిలో పెట్టుకుని చూసింది. పతకం మీద ఓడ, ఓడ కింద అలలు. ఆ అలలు చెక్కినవాడెవడో గానీ తీరిగ్గా చెక్కాడు.

అప్పుడు మిగిలినవన్నీ చూసింది. తెల్లపెట్టె ఖాళీ అయింది. నల్లపెట్టె కూడా ఖాళీ అయింది. ఈలగాడి పేరు దేంట్లోనూ లేదు.

"మాస్టారూ, ఇంకేమైనా పెట్టెలొస్తాయా?"

"ఇంకేముంది? ఎల్లుండేగా ఉత్సవం."

"ఒక పేరు రాలేదండి. పోయినట్టూ చెప్పలేదు, వచ్చినట్టూ లేదు."

మాస్టరు చాక్‌ముక్క చెవి మీద పెట్టుకున్నాడు. "గల్లంతైనవాడా? అయితే రాదమ్మా. శవం దొరకాలి, లేదా పోయాడని చూసినవాళ్ళు చెప్పాలి. రెండూ లేకపోతే వాళ్ళ లెక్కలో వాడు పోనూ లేదు, రానూ లేదు. అటువంటివాళ్ళకి ఏమీ కుట్టం."

"ఎప్పటికి తేలుస్తారు?"

"చూసినవాడు నోరు తెరిస్తే ఆ పూటే తేలుతుంది. లేకపోతే ఇంతే."

ఇంటికొచ్చి ఆ మాటే కాస్త మెత్తగా చెప్పింది. గల్లంతైనవాళ్ళవి తర్వాత చూస్తారట పెద్దమ్మా, అంది. పెద్దమ్మ తలాడించి, "తర్వాతంటే వాడొచ్చాకనేగా" అంది. అని చంటిదాన్ని గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. "మీ మామ వస్తాడే, వచ్చి నీకు ఈల నేర్పిస్తాడే, అప్పుడు మీ అమ్మ చెవుల్లో దూది పెట్టుకుంటుందే!" పిల్ల కిలకిల నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చింది. ఎందుకో మరుక్షణంలోనే భయమేసింది.

ఉత్సవానికి ముందురోజు దుకాణానికి సెలవు. ఎండ గదిలోకి సగం దాకా వచ్చింది. ఆమె బల్ల మీద దుప్పటి పరిచి భర్త తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయింది, చేతులయ్యాయి. ఛాతీ ఎడమవైపు, పతకం వచ్చేచోట, నీళ్ళు చిలకరించి మళ్ళీ మళ్ళీ రుద్దింది. చంటిది మంచం మీద నిద్రపోతోంది. 

"అది మడిచి లోపల పెట్టెయ్యి. నేను వెళ్ళడం లేదు" అన్నాడు అతను.

"అదేంటండీ! అందరూ వస్తుంటే?"

"ఒంట్లో బాగాలేదని చెప్పు."

"నా చేత్తో కుట్టానండీ మీది" అంది. "ఓడని కాపాడినవాళ్ళలో మీరొకళ్ళని వీధంతా అంటున్నారు. మీరే నమ్మకపోతే ఎలా?"

అతను నేల మీద కూలబడి గోడకి ఆనుకున్నాడు. తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. తర్వాత, ఎవరికో దారి చెప్తున్నట్టు, హెచ్చుతగ్గులు లేని గొంతుతో చెప్పాడు.

"గుండు తగిలి మా గదికి కంత పడింది. నీళ్ళు వచ్చేస్తున్నాయి. పక్కగదిలోకి వస్తే ఓడ ఒరిగిపోతుంది. అధికారి తలుపు మూసెయ్యమని అరిచాడు. నేను అప్పటికే ఇవతలున్నాను. వాడు అవతల, పంపు దగ్గర. చక్రం తిప్పితే తలుపు బిగుసుకుంటుంది. వాడొస్తున్నాడు, నడుం లోతు నీళ్ళలో. నేను చూశాను. వాడూ నన్ను చూశాడు. ఇంకో నాలుగడుగులు ఆగితే వచ్చేసేవాడు. నేను తిప్పేశాను."

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే, ఆమె చేతికింద ఉండిపోయింది.

"ఆ తలుపు చాలా మందం. కేకలు వినపడవు. పానా పట్టుకుని కొట్టాడు. అదొక్కటే వినపడింది."

టక్, టక్, టక్. ఆమెకి చెంచా గుర్తొచ్చింది.

"తర్వాత రేవులో తలుపు తీస్తే లోపల ఎవరూ లేరు. కంతలోంచి సముద్రం లాగేసుకుంది. 'గల్లంతు అని రాస్తాం, నువ్వు చూసింది నీలోనే ఉంచుకో, మనిషుండగా తలుపు మూశామని బయటికి పొక్కితే గెలుపంతా పాడవుతుంది' అన్నాడు అధికారి. సరేనన్నాను." తల ఎత్తాడు. "పెద్దమ్మకి చెప్పేస్తానే. చెప్పకపోతే నాకు పిచ్చెక్కుతుంది."

"వద్దు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి ఒక క్షణం తెలియలేదు.

"వద్దండీ. ఆవిడ మన గుమ్మం తొక్కదిక. చంటిదానికి మళ్ళీ అలా అయితే నేనొక్కదాన్నీ ఏం చెయ్యను? నాకేమీ తెలీదు. నా చేతులు ఆడవు. కాస్త పెద్దదయ్యేదాకా ఆగండి. ఆవిడా ఆశతో బతుకుతోంది కదా, ఎందుకు తుంచెయ్యడం?"

అతను ఆమెకేసి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అధికారి మాట విన్నప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటాడని ఆమెకి అనిపించింది. కమురు వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె తీసేసరికి చొక్కా అంచున గోధుమరంగు మచ్చ పడింది. అదృష్టం, ప్యాంటులోకి దోపుకునే చోటు.

ఉత్సవం రేవు మైదానంలో. తాళ్ళు కట్టి జనాన్ని ఇవతల ఆపారు. బ్యాండు వాయించారు. నావికులు వరసగా నిలబడ్డారు. ఎండకి తెల్ల బట్టలు కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. పెద్దమ్మ చంటిదాన్ని చంకనేసుకుని ఆమె పక్కనే నిలబడింది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది.

తెల్లబట్ట కప్పిన బల్ల దగ్గర పెద్ద అధికారి ఒక్కొక్కరికే పతకం తగిలిస్తున్నాడు. మూలగా ఇంకో బల్ల ఉంది. అక్కడ బ్యాండు లేదు. పోయినవాళ్ళ తల్లులు, భార్యలు ఒకరి వెనక ఒకరు నిలబడితే చిన్న అట్టపెట్టెలు చేతిలో పెడుతున్నారు. పెట్టె తీసుకున్న ప్రతి ఆడమనిషీ రెండడుగులు పక్కకి జరిగి, మూత తీసి, పతకం వెనక్కి తిప్పి చూసుకుంటోంది. వేలితో తడుముకుని మూత పెట్టేస్తోంది. ఆ పెట్టెల్లోవి తను కుట్టినవే. ఆమె తల దించుకుంది.

పెద్దమ్మ తాడు కింద దూరి ఒక జవాను దగ్గరికి వెళ్ళింది. ఆమె వద్దనేలోపే వెళ్ళిపోయింది.

"బాబూ, మావాడిదీ ఈ ఓడే. నేను ఏ బల్ల దగ్గర నిలబడాలి?"

జవాను కొడుకు పేరు అడిగి, వెళ్ళి ఎవరినో కనుక్కుని వచ్చాడు. "గల్లంతైనవాళ్ళకి ఇవాళేమీ లేదమ్మా. మీరు దారికి అడ్డంగా ఉన్నారు, కాస్త పక్కకి జరగండి."

"ఎటు పక్కకి?"

"ఎటో ఒకటు. ఇక్కడ మాత్రం వద్దు."

పెద్దమ్మ ఆ బల్లకేసీ ఈ బల్లకేసీ చూసింది. రెంటికీ మధ్యనున్న ఖాళీ నేలమీద, చంకలో పిల్లతో, ఎటు జరగాలో తెలియక అలాగే నిలబడింది. సరిగ్గా అప్పుడే ఆమె భర్త పేరు పిలిచారు. అతను ముందుకు నడిచాడు, నిటారుగా నిలబడ్డాడు, పెద్ద అధికారి వంగి పతకం తగిలించాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది పెద్దమ్మ. ఒక చేతిలో పిల్ల ఉంది కాబట్టి, రెండో చేత్తో తొడమీద కొట్టుకుంది.

ఇంటికి నడుస్తుంటే దారిలో పెద్దమ్మ అతని ఛాతీ మీది పతకాన్ని వేలితో మీటింది. "ఎంత బాగా నప్పిందిరా నీకు! వాడొచ్చాక వాడికీ ఇస్తారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడండి, దిష్టి తగలకుండా నేను చాటుగా చూస్తాను." అతని మెడ మీద చెమట కాలువ కట్టింది. ఆమె మాత్రం పెద్దమ్మ చంకలో నిద్రపోతున్న పిల్లనే చూస్తూ నడిచింది. పిల్ల పాదం పెద్దమ్మ నడుముకి కొట్టుకుంటూ ఊగుతోంది.

ఇల్లు చేరగానే అతను పతకం తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. గోడ అవతల పెద్దమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. ఇన్నాళ్ళలో ఆవిడ పాడగా ఆమె వినలేదు. నల్లపెట్టెలో లేదన్న ఒక్క మాటకి ఆవిడ పాడుతోంది. ఆ మాట చెప్పింది తను. వెనకటి యుద్ధంలో ఎవరిదో చెయ్యి జారింది. ఇప్పుడు జారింది తన చెయ్యే. కాదు, జారలేదు. తెలిసీ పిన్ను కుడుతోంది.

ఆమె కుట్టుసంచీ తీసి కిటికీ దగ్గర కూర్చుంది. పతకం ఒళ్ళో పెట్టుకుని కత్తెర మొన కుట్టు కింద దూర్చింది. రెండు పేటల దారం. అంత తేలిగ్గా తెగలేదు. అడ్డకుట్లు తెంపితే నిలువుకుట్లు పట్టుకున్నాయి. కత్తెర జారి వేలికి గీరుకుంది. అతను చూస్తున్నాడు కానీ ఏమిటని అడగలేదు. పిన్ను ఊడొచ్చాక దాన్ని సంచీలో వేసి లేచింది.

"రండి" అంది.

పెద్దమ్మ గదిలో చంటిది చాప మీద నిద్రపోతోంది. పెద్దమ్మ ఆమె చేతిలోంచి పతకం అందుకుంది. "మళ్ళీ చూపించడానికి తెచ్చావా?" అని నవ్వుతూనే, అలవాటున వెనక్కి తిప్పింది. బొటనవేలు రిబ్బను మీద జరిగింది. రెండు చిల్లుల దగ్గర ఆగింది.

"దీని పిన్నేదీ?"

ఆమె అతనికేసి చూసింది.

"ఎవరిదే ఇది? ఎవరిదని అడుగుతున్నా." ఆవిడకి చదువు రాదు. అంచుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పింది.

"పేరు ఈయనదే పెద్దమ్మా" అంది ఆమె.

"తలుపు నేనే మూశాను పెద్దమ్మా" అన్నాడు అతను.

చెప్పాడు. ఆమెకి చెప్పినట్టే, అవే మాటలు, అదే గొంతు. నాలుగడుగుల మాట దగ్గర మాత్రం ఒకసారి ఆగి, మళ్ళీ మొదటినించి చెప్పాడు. పెద్దమ్మ కదలకుండా వింది.

"ఈల వేశాడా?"

"తలుపు మందం. వినపడదు. కొట్టడమే వినపడింది."

"ఎంతసేపు?"

అతను తల దించుకున్నాడు.

"ఎంతసేపురా?"

"ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను పెద్దమ్మా. చెయ్యి తలుపు మీద పెట్టుకుని."

పెద్దమ్మ ఏడవలేదు. లేచి గుమ్మం దగ్గరికెళ్ళి బూట్లు చేతిలోకి తీసుకుంది. ఎక్కడ పెట్టాలో తోచనట్టు గదంతా చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. వెనక్కి వచ్చి ఆమె ఎదుట నిలబడింది.

"పిన్ను ఎక్కడ పెట్టావు?"

"సంచీలో ఉంది."

"తీసుకురా. సూదీ దారం తీసుకురా. ఇక్కడ, నా ముందు కుట్టు."

"పెద్దమ్మా, ఇది నీకే ఇద్దామని..."

"నాకెందుకిది? దీని మీద నా కొడుకు పేరుందా? వీడు బతికున్నాడు, వీడిది వీడికి కుట్టు. పిన్ను తీసేసి ఇస్తే తీరిపోతుందనుకున్నారా, మొగుడూ పెళ్ళాం?"

ఆమె కుట్టింది. సూది కన్నంలోకి దారం ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో! పెద్దమ్మ పక్కనే నిలబడి ప్రతి కుట్టూ చూసింది. పాత చిల్లుల్లోనే సూది దిగింది. ముడి వేశాక పెద్దమ్మే పిన్ను లాగి చూసి, అతని చేతిలో పెట్టింది.

"రేపు ఇది తగిలించుకుని నాతో ఆఫీసుకి రా. నాకు చెప్పిందంతా అక్కడ చెప్పాలి. ఉత్త చేతుల్తో నేను వెళితే మళ్ళీ పక్కకి జరగమంటారు. ఇది పెట్టుకున్నవాడు చెప్తే వినక చస్తారా? పిన్ను లేనిదొకటి నాకు రావాలి. నా కొడుకు పేరుతో."

"చెప్పొద్దన్నారు పెద్దమ్మా" అన్నాడు అతను. "చెప్తే ఉద్యోగం తీసేస్తారు. ఇది కూడా లాక్కుంటారేమో."

"లాక్కుంటే లాక్కోనీ. వస్తావా, రావా?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె నిద్రపోతున్న పిల్ల వైపు చూసింది. తర్వాత వంగి పిల్లని ఎత్తుకుని భుజాన వేసుకుంది. "వస్తారు పెద్దమ్మా" అంది.

తెల్లారింది. పెద్దమ్మ వస్తుందో రాదో తెలియక ఆమె పిల్లని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడింది. అవతలి తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ నిన్నటి బట్టల్లోనే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చంటిది ఆవిణ్ణి చూసి రెండు చేతులూ చాచి ముందుకు దూకబోయింది.

పెద్దమ్మ చేతులు కొంచెం లేచి ఆగిపోయాయి.

"ఇవాళ నువ్వే చూసుకో" అంది ఆమె మొహం చూడకుండా. "నాకు పనుంది."

రేపటి మాట అనలేదు. అడిగే ధైర్యం ఆమెకి లేదు.

అతను తెల్ల చొక్కాతో, ఛాతీ మీద పతకంతో బయటికొచ్చాడు. పెద్దమ్మ ముందు, అతను రెండడుగులు వెనక, వీధిలోకి నడిచారు. ఎదురింటి గుమ్మంలో ఎవరో అతనికి సలాం చేసి, ఆవిడ నడక చూసి చెయ్యి దించేసుకున్నారు.

ఆమె పిల్లని గడప దగ్గర కూర్చోబెట్టింది. నుదురు ముట్టుకుంది. చల్లగానే ఉంది. మళ్ళీ ముట్టుకుంది. ఏడుస్తున్న పిల్ల ఊరుకుంటుందని, ఆలోచించకుండానే చెంచా చేతికిచ్చింది. చంటిది ఏడుపు మింగి, చెంచాని అటూ ఇటూ తిప్పి చూసి, తలుపు చెక్కమీద కొట్టింది.

టక్. టక్. టక్.

వీధి మధ్యలో అతను ఆగిపోయాడు. చెంచా లాక్కోవడానికి ఆమె చెయ్యి ముందుకు వెళ్ళింది. అప్పుడు చూసింది. అతనికి ముందు నడుస్తున్న పెద్దమ్మ కూడా ఆగింది. తల కొంచెం పక్కకి వంచి వింటోంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. చంటిది కొడుతూనే ఉంది. అలిసిపోయి దానంతటదే ఆపేదాకా, వాళ్ళిద్దరూ అక్కడే నిలబడ్డారు.